రిమార్కుల గడి

2006 జూలైలో నన్ను బొగ్గు గనుల కంపెనీ ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డు నుంచి తప్పించి, గోదావరిఖని శివారులోని ఒక డిస్పెన్సరీకి వేశారు. ఆర్డరులో ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ అని ఉంది. ఆ సౌలభ్యం ఎవరిదో ఆర్డరులో రాయరు. డ్యూటీ చార్టు విషయంలో మేట్రన్‌తో పోట్లాడి అప్పటికి వారం కూడా కాలేదు కాబట్టి నేనూ అడగలేదు. బెల్లంపల్లిలో తొమ్మిదేళ్ళు, మందమర్రిలో ఆరేళ్ళు చేసి వచ్చినదాన్ని. హోదా సీనియర్ స్టాఫ్ నర్సు. డిస్పెన్సరీకి వేయడమంటే మా వాళ్ళ లెక్కలో నోరున్న నర్సును మూల కూర్చోబెట్టడం.

ఆ మూల ఎలా ఉండేదో చెప్పాలి. కార్మికుల క్వార్టర్ల మధ్య నాలుగు గదుల ఇల్లు. పొద్దున మెడికల్ ఆఫీసరు వచ్చి ఓపీ చూసి వెళ్ళేవారు. ఒక ఫార్మసిస్టు, కట్లు కట్టే డ్రెస్సరు, నేను. బొగ్గుబాయి పనివాడికి ఒంట్లో బాగాలేకపోతే ఇంట్లో పడుకుంటే సరిపోదు. డిస్పెన్సరీకి వచ్చి డాక్టరు చేత ‘సిక్’ వేయించుకోవాలి. తగ్గాక ‘ఫిట్’ రాయించుకుంటేనే మళ్ళీ డ్యూటీలోకి తీసుకుంటారు. సిక్ లేకుండా మానేస్తే అది నాగా. పనికి వచ్చిన ప్రతి రోజూ హాజరు పుస్తకంలో ఒక మస్టరు. బదిలీ వర్కరుగా, అంటే రానివాళ్ళ బదులు పనిచేయడానికి చేరినవాళ్ళు పర్మనెంటు కావాలంటే ఏడాదిలో భూగర్భంలో అయితే నూట తొంభై, సర్ఫేసులో అయితే రెండు వందల నలభై మస్టర్లు నిండాలి. మా ప్రాంతంలో కొత్తగా చేరినవాళ్ళను బాగున్నారా అని ఎవరూ అడగరు, ఎన్ని మస్టర్లయినయని అడుగుతారు.

కుటుంబ సంక్షేమం పని నా పాలిన పడింది. గర్భనిరోధక మాత్రలు పంచడం, రిజిస్టరు రాయడం, నెల తిరగగానే స్టేట్‌మెంటు కట్టి ఏరియా ఆసుపత్రికి పంపడం. ఆ రిజిస్టరులో తొమ్మిది గడులు ఉండేవి. వరుస సంఖ్య, తేదీ, స్త్రీ పేరు, భర్త పేరు, ఉద్యోగి నంబరు, పిల్లల సంఖ్య, ఇచ్చిన వస్తువు, సంతకం, చివర రిమార్కులు. చివరి గడిని నాకు ముందు పనిచేసినవాళ్ళెవరూ ముట్టుకోలేదు. నా చేతిరాత బాగుంటుందని, గడి ఖాళీగా వదలనని నాకు పేరుండేది. ఆ పేరు ఎంత పని చేసిందో ముందు ముందు చెబుతాను.

మాత్రల అట్టలో ఇరవై ఎనిమిది ఉంటాయి. ఇరవై ఒకటి తెల్లవి, అసలు మందు వాటిలోనే ఉంటుంది. మిగిలిన ఏడూ ఎర్రమట్టి రంగువి, ఐరన్ మాత్రలు. తెల్లవి అయిపోయి ఎర్రవి మింగే వారంలో నెలసరి వస్తుంది. ఆగస్టులో ఒక రోజు డిస్పెన్సరీ వెనక నల్లా దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే నేల మీద అట్ట ముక్కలు కనిపించాయి. ఒకటి కాదు, పది పన్నెండు. అన్నీ కత్తెరతో నీటుగా కత్తిరించినవి, అన్నింటిలో ఏడేసి ఎర్ర మాత్రలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. తెల్లవి మాత్రం ఒక్కటీ లేవు.

మర్నాడు మాత్రల కోసం వచ్చిన ఆడవాళ్ళ ముందు ఆ ముక్కలు పెట్టి ఇదేమిటని అడిగాను. ఏడుగురు ఉన్నారు. ఆరుగురు నేల చూశారు. ఏడో ఆమె సరోజ. ముప్పై ఏళ్ళుంటాయి. మూడేళ్ళ కింద భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోతే డిపెండెంటు ఉద్యోగం కింద బదిలీ వర్కరుగా తీసుకున్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్త. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటులో, అంటే బొగ్గును పగలగొట్టి బెల్టు మీద వ్యాగన్ల దాకా పంపే చోట, మిగతా ఆరుగురితో పాటే పని. ఆమె నన్ను సూటిగా చూసి చెప్పింది.

“తెల్లయి అయిపోంగనె ఇంకో అట్ట మొదలువెడుతున్నం సిస్టరమ్మ. ఎర్రయి మింగితె ముట్టస్తది. ముట్టస్తె ఆడ మాకు ఎట్ల నడుస్తది?”

ఎర్ర మాత్ర వల్లనే నెలసరి వస్తుందని వాళ్ళ నమ్మకం. రంగు చూసి అలా అనుకున్నారు. ఒకరికొకరు చెప్పుకుని, దాన్ని విషంలా కత్తిరించి పారేస్తున్నారు. తెల్ల మాత్ర ఆపడం వల్ల వస్తుందే తప్ప ఎర్రదాని వల్ల కాదని, అది ఒట్టి ఐరన్ అని చెబితే ఒక్కరూ నమ్మలేదు. కనురెప్పలు తీసి చూస్తే ఏడుగురిలో ఐదుగురికి రక్తం లేదు. రక్తం లేనివాళ్ళు రక్తం పట్టే మందును నల్లా దగ్గర పారబోస్తున్నారు. నాకు నవ్వాలో తిట్టాలో తెలియక తిట్టాను.

తిట్టు అయిపోయేదాకా ఊరుకుని సరోజ మిగతాది చెప్పింది. బెల్టు కింద పడ్డ బొగ్గు ఎత్తిపోయడం వాళ్ళ పని. ఎనిమిది గంటల షిఫ్టు. “చుట్టు మొగోళ్ళె, లారీలె. బట్ట మార్చుకుందామంటె చాటు లేదు. ఒకసారి బంకరెనుకకు పోతె సూపర్‌వైజరు నన్ను దేవులాడుకుంట అటే వచ్చిండు. గప్పుడే అనుకున్న, ఇగ గిట్ల కాదని.” ఆడవాళ్ళకు మరుగుదొడ్డి గది లేదా అని అడిగాను. ఉందట. “ఉన్నది సిస్టరమ్మ. దానికి తాళం. దాంట్ల గ్రీజు డబ్బలున్నయి.” అంత ఇబ్బందైతే ఆ మూడు రోజులు సిక్ వేయించుకోవచ్చు కదా అన్నాను. అది నర్సు అడగవలసిన ప్రశ్న కాదని అడిగాక అర్థమైంది. “ఏమని ఏపిచ్చుకోవాలె? ముట్టు బీమారి కాదని మీరే అంటరాయె. నాగా వెడితె నెలకు మూడు పోతయి. నా మస్టర్లు ఎన్నడు నిండాలె, నేను ఎన్నడు పర్మనెంట్ కావాలె?”

పనిచోట్లలోని ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు మూడు నెలలకోసారి తనిఖీ చేయడం నా డ్యూటీలో ఉంది. తనిఖీకి ఇంకా గడువున్నా ఆ వారమే ప్లాంటుకు వెళ్ళాను. గది ఉంది. తలుపు మీద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ, కింద ‘మహిళలు’ అని అక్షరాలు. పెద్ద తాళం. వెంటిలేటరులోంచి చూస్తే గ్రీజు డబ్బాలు, బెల్టు కింద తిరిగే ఇనుప రోలర్లు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఇదేమిటని సూపర్‌వైజరును అడిగాను. ఎవరూ వాడటం లేదు మేడమ్, గది వృథా ఎందుకని సామాను పెట్టాం అన్నాడు. తాళం వేసి ఉంటే ఎవరు వాడతారయ్యా అని అడిగితే, వాడతామని ఎవరూ అడగలేదు అన్నాడు. పైగా చాయ్ తెప్పించనా అని అడిగాడు. అక్కరలేదని వచ్చేశాను.

తిరిగి వచ్చి ఏరియా ఆసుపత్రికి మెమో రాశాను. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. పనిచోట సౌకర్యాలు వైద్య విభాగం పరిధిలోకి రావు, మీ విధులకు పరిమితం కండి అని ఒకటిన్నర వాక్యం.

సరే, నా విధికే పరిమితమయ్యాను. మా మెడికల్ ఆఫీసరమ్మను అడిగాను. మాత్రలు ఆపకుండా వరుసగా వాడటంలో తప్పు లేదని, అయితే మనిషిని చూసి ఇవ్వాలని చెప్పారు. బీపీ ఉన్నవాళ్ళకు, పొగాకు అలవాటుండి ముప్పై ఐదు దాటినవాళ్ళకు వద్దు. భరించలేని తలనొప్పి, పిక్కల్లో నొప్పి వాపు వస్తే ఆపి వెంటనే రావాలి. మధ్యలో కొద్దిగా మరకలు కనిపిస్తే భయపడక్కరలేదు. నేను అందరికీ బీపీ చూశాను. ఒకామెకు ఎక్కువ ఉంటే మాత్రలు మాన్పించి డాక్టరు దగ్గరికి పంపాను. ఎర్ర మాత్రలను అట్టలోంచి తీసి వేరే కవరులో వేసి, ఇవి దవాఖాన బలం మాత్రలు, అన్నం తిన్నాక మింగండి అని ఇచ్చాను. అవే మాత్రలు. కవరు మారేసరికి మారు మాట్లాడకుండా మింగారు.

అంతవరకు బాగానే చేశాను. తర్వాత రిజిస్టరు తెరిచాను. ఈ మాత్రలకు డాక్టరు చీటీ అక్కరలేదు, నా రాతే ఆధారం. భర్త పేరు గడి దగ్గర కలం ఆగింది. ఆ ఏడుగురిలో నలుగురికి భర్తలు లేరు. గడి ఖాళీగా వదలడం నాకు చేతకాదు కదా, భర్త పేరు రాసి దాని ముందు ‘కీ.శే.’ అని అందంగా చేర్చాను. నాలుగు చోట్ల. ఆ నెల స్టేట్‌మెంటులోకీ అవే నాలుగు పేర్లు ఎక్కించి సంతకం పెట్టి పంపాను.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు పోలేను. శ్రావణం వచ్చిందంటే ఆఫీసర్ల బంగళాల నుంచి డ్రైవర్లు చీటీలు పట్టుకుని డిస్పెన్సరీకి వచ్చేవారు. వ్రతం ఉంది, వాయిదా మాత్రలు కావాలి. యాత్రకు పోతున్నారు, వాయిదా మాత్రలు కావాలి. గృహప్రవేశం, పిల్ల పెళ్ళి, అన్నింటికీ అవే. అవి ఫార్మసీలో మామూలు మందుల లెక్కలో పోయేవి. భర్త పేరు గడి లేదు, పిల్లల సంఖ్య లేదు. ఇన్నేళ్ళలో ఆ మాత్రలు ఎందుకమ్మా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. పూజకు నెలసరి ఆపుకుంటే భక్తి. బొగ్గు ఎత్తడానికి ఆపుకుంటే ఏమవుతుందో డిసెంబరులో తెలిసింది.

సరోజ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. పర్సనల్ విభాగం నుంచి వచ్చిన నోటీసు. ఆమె మరిది అర్జీ పెట్టుకున్నాడు. అన్న చనిపోయాక వదిన చెడు నడతలో పడిందని, కుటుంబాన్ని చూసుకుంటానని రాసిచ్చిన హామీ పత్రాన్ని ఉల్లంఘించిందని, పర్మనెంటు చేయకుండా ఆ ఉద్యోగం తనకు ఇప్పించాలని అడిగాడు. భర్త లేని స్త్రీకి కుటుంబ నియంత్రణ మాత్రలతో పనేమిటని ఒక ప్రశ్న వేసి, రుజువుగా ఒక జిరాక్సు జతచేశాడు. నా స్టేట్‌మెంటు పేజీ. నా చేతిరాత. నా ‘కీ.శే.’ కింద ఎవరో ఎర్ర ఇంకుతో గీత కూడా గీశారు.

ఆ పేజీ ఆఫీసు దాటి ఎలా వెళ్ళిందో ఎవరూ తేల్చలేదు, తేల్చాలని ఎవరూ అనుకోలేదు.  తప్పు నాదే సరోజా అన్నాను. ఆమె నన్ను ఓదార్చలేదు. “మీరు రాసింది నిజమే గద సిస్టరమ్మ. అది సాలదని వాళ్ళు ఇంకేదో సదువుకున్నరు” అంది. తర్వాత కాసేపటికి, “మా అత్త రెండు దినాల సంది అన్నం ముట్టుతలేదు. చిన్నకొడుకు పెట్టిన అర్జీ పెద్దకొడుకు పేరు మీద వడ్డదని ఏడుస్తాంది” అని చెప్పింది.

విచారణకు నన్నూ పిలిచారు. సంక్షేమ అధికారి మర్యాదస్థుడు, గొంతు పెంచడు. కుర్చీ చూపించాడు. సరోజను నిలబెట్టే ఉంచాడు. రాత మీదేనా అని నన్ను అడిగాడు. నాదే అన్నాను. ఈ మాత్రలు దేనికి వాడతారు అని అడిగాడు. మనిషి అవసరాన్ని బట్టి అన్నాను. ఆయన చిన్నగా నవ్వి, రాసుకునే గుమాస్తాను కలం ఆపమన్నాడు. తర్వాత నెమ్మదిగా ఒక దారి చూపించాడు. సిస్టర్‌గారు పొరపాటున ఈమె పేరు రాశారని ఒక వాక్యం ఇవ్వండి. ఈమె పక్కింటావిడ కోసం తీసుకుపోయిందని ఇంకో వాక్యం. ఫైలు మూసేస్తాను, ఎవరి పరువూ పోదు.

ఆయన ఇంటి నుంచి శ్రావణంలో వచ్చిన చీటీ నాకు గుర్తుంది. నాలుక చివర దాకా వచ్చింది. కానీ దవాఖానకు వచ్చిన ఆడమనిషి విషయం బయట పెట్టడమే ఇక్కడి నేరం. అదే నేరం నేను ఇంకో ఆమె మీద చేయలేను. మింగేశాను. ఆ కోపం మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది. ఇంకో సంగతి నేరుగా ఒప్పుకోవాలి. ఆ అబద్ధం రాసిద్దామని నాకు అనిపించింది. ఒక్క వాక్యంతో ఆమె ఉద్యోగం నిలుస్తుంది, నా తప్పు కడుక్కుపోతుంది. కలం తీశాను కూడా.

సరోజ నా చెయ్యి వంక చూసి అధికారి వైపు తిరిగింది.

“పక్కింటామె ఎందుకు సార్, నేనే మింగిన. ఆర్నెల్ల సంది మింగుతున్న. ఎవనికోసమో కాదు, మీ మస్టర్ల కోసం మింగిన. ఆడోళ్ళ రూంల మీ గ్రీజు డబ్బలున్నయి. అయి తీపియ్యిండ్రి, ఆ తర్వాత నా నడత సంగతి అడుగుండ్రి. గిప్పుడు సెప్పింది రాసుకొమ్మనుండ్రి సార్, కలం ఎందుకాపిండ్రు?”

 అధికారి నన్ను చూశాడు, నేను సర్దిచెబుతానని కాబోలు. నా మెమో నకలు, దానికి వచ్చిన ఒకటిన్నర వాక్యం జవాబు నా సంచిలో ఉన్నాయి. రెండూ తీసి బల్ల మీద పెట్టి, ఇవి కూడా ఫైలులో చేర్చండి, ఆమె మాటతో పాటు అన్నాను.   ముప్పై ఏళ్ళ మనిషిని, భర్తను ఇదే బాయికి ఇచ్చిన మనిషిని, మరుగుదొడ్డి తాళం కోసం తన ఒంటి లెక్క పరాయి మగవాళ్ళ ముందు చెప్పుకునేలా చేశామని నాకు ఒళ్ళు మండింది. గుమాస్తా అధికారి ముఖం చూసి, తర్వాత తలవంచుకుని రాయడం మొదలుపెట్టాడు.

విచారణ ఫలితమని ఏదీ రాలేదు. అర్జీ తప్పు అని ఎవరూ రాయలేదు, సరోజది తప్పు కాదని కూడా రాయలేదు. ఫైలు అలా పడుకుంది. మరిదిని ఎవరూ పిలిచి మందలించలేదు. మస్టర్లు నిండినా సరోజ పేరు ఆ ఏటి పర్మనెంటు జాబితాలో రాలేదు.

నేను రిజిస్టరు దగ్గరికి తిరిగి వెళ్ళాను. భర్త పేరు గడిలో గీత గీయడం నేర్చుకున్నాను, ఎవరికైనా సరే. ఇన్నేళ్ళు ఖాళీగా పడి ఉన్న చివరి గడి అప్పుడు పనికొచ్చింది. ప్లాంటు నుంచి వచ్చిన ప్రతి ఆడమనిషిని అడిగి, ఆమె ఒప్పుకుంటేనే, రిమార్కుల గడిలో ఒకే వాక్యం రాశాను: ‘పనిచోట మరుగుదొడ్డికి తాళం ఉన్నందున.’ స్టేట్‌మెంటులో పేర్లు తీసేశాను, సంఖ్య, కారణం ఉంచాను. జనవరిలో పంపాను. ఫిబ్రవరిలో పంపాను. రిమార్కులు అనవసరమని మార్చిలో ఫోను వచ్చింది. గడి అచ్చు వేసింది మీరే, ఖాళీగా వదలమని ఆర్డరు రాసివ్వండి అన్నాను. ఆర్డరు రాలేదు. ఏప్రిల్లో మళ్ళీ పంపాను. ఆ కాగితం ఏరియా ఆసుపత్రి దాటి పైకి పోయేదే. పైన ఎవరో ఒకరు చదివి ఉంటారు.

మే నెలలో గ్రీజు డబ్బాలు బయటికి వచ్చాయి. గదికి నల్లా, లోపలి గడియ పెట్టారు. తాళం చెవి ఆడవాళ్ళ దగ్గరే ఉంచారు. మరుసటి ఏడు జాబితాలో సరోజ పేరు వచ్చింది, జనరల్ మజ్దూరుగా పర్మనెంటు. రెండింటికీ సంబంధం ఉందని నేను అనను. లేదని కూడా అనను.

ఆ తర్వాత ఆమె మళ్ళీ మాత్రల కోసం వచ్చింది. నేను ఆశ్చర్యపోయాను. గది తెరిచారు కదా, ఇంకా ఎందుకు అన్నాను. “గది మంచిగనే ఉన్నది సిస్టరమ్మ. కని నాకు గిట్లనే పానం అల్కగున్నది. కడుపునొస్తలేదు, నడుము గుంజుతలేదు. బీపీ సూడు, మంచిగుంటె ఇయ్యి” అంది. చూశాను. బాగుంది. అట్ట తీసి ఇచ్చాను. రిజిస్టరు తెరిచి చివరి గడి దగ్గర ఆగాను. పాత వాక్యం ఇక పనికిరాదు. ఇప్పుడు ఏమని రాయాలి అని అడిగాను.

“నా మర్జీ అని రాయి” అంది.

అలాగే రాశాను. ఆ పేజీ గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

నేను 2013లో రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది చెప్పమంటే రెండు మాటలు చెబుతాను. రోగి గురించి రిజిస్టరులో రాసే ప్రతి అక్షరం ఎవరి చేతికి పోతుందో తెలియనప్పుడు అందమైన చేతిరాత కూడా హాని చేస్తుంది. ఒక ఆడమనిషి ఒక మాత్ర ఎందుకు మింగుతుందో తెలుసుకోవాలంటే ఆమెనే అడగాలి. గత్యంతరం లేక అని ఆమె చెబితే ఆ గతి పట్టించినవాళ్ళ పేరు పైకి పంపాలి. ఇష్టమై అని చెబితే బీపీ చూసి, అట్ట చేతిలో పెట్టి, తర్వాతి మనిషిని పిలవాలి.